ఆదివారపు గూని

శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి, వారం పని ముగిసే గురువారం పొద్దున ల్యాబులో అందరూ కలిసి తినే ఫలహారం దగ్గర ఎవరో ఒకరిని ఆటపట్టించడం ఆనవాయితీ. ఆ గురువారం వంతు వాయిల్‌ది; ఆట తిర్జాది.

బల్ల మీద దోసకాయ ముక్కలు, తెల్ల జున్ను, వేడి తగ్గని రొట్టెలు, వాయిల్ తన అరబ్బు ఊరినుంచి తెచ్చిన ఆలివ్ నూనె డబ్బా. రొట్టె తుంచి ఆ నూనెలో అద్ది, జాతర్ అనే ఎండుటాకుల పొడిలో పొర్లించి తినడం అతను వచ్చాకే అక్కడ అందరికీ అలవాటైంది. అంతలో ప్రొఫెసర్ గెర్షోన్ వచ్చి, చేతిలోని గ్రాఫు కాగితాన్ని పళ్ళేల మధ్యన పడేశాడు.

"మళ్ళీ లేచింది," అన్నాడు.

నున్నగా సాగవలసిన గీత మొదట్లోనే ఉబ్బి ఉంది. వసంతం నుంచీ ఉన్నదే ఆ ఉబ్బు. దానికి గూని అని పేరు పెట్టింది అవ్‌షాలోమ్. పరికరాలు బాగుచేసేదీ, కనిపించినదానికల్లా పేర్లు పెట్టేదీ అతనే.

"ఆదివారం వచ్చేసరికి లేస్తుంది," అన్నాడు గెర్షోన్, కుర్చీ లాక్కుంటూ. "సోమవారానికి కాస్త కుంగుతుంది. గురువారానికి ఉందా లేదా అన్నట్టుంటుంది. మళ్ళీ ఆదివారం."

"శనివారం విశ్రాంతి తీసుకుని కొత్త బలంతో వస్తోందన్నమాట," అన్నాడు అవ్‌షాలోమ్. "మన యూదులకంటే నిష్ఠ గలది."

గెర్షోన్ నవ్వలేదు. అతని చూపు బల్ల చుట్టూ తిరిగి తిర్జా మీద ఆగింది. పాదరసం గది బాధ్యత ఆమెది. అది శుభ్రంగా లేదంటే ఆమె శుభ్రంగా లేదనే. ఆ చూపు తనమీద ఆగడమూ, నోట్లోకి ఒక చమత్కారం రావడమూ ఒక్కసారే జరిగాయి. ఏది ముందో తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆమెకు తేలలేదు.

"ఆదివారం ఊరినుంచి వచ్చేదెవరు?" అంది, రొట్టెముక్క నూనెలో అద్దుతూ. "చంకలో డబ్బా పెట్టుకుని వచ్చేదెవరు? వాయిల్ వాళ్ళమ్మ మనకు వడ్డించి ఊరుకోవడం లేదు. పాదరసానికి కూడా వడ్డిస్తోంది."

అందరూ నవ్వారు. వాయిల్ కూడా నవ్వాడు. "మా అమ్మ గడప తొక్కినవాళ్ళెవరినీ ఖాళీ కడుపుతో పంపదు మరి," అన్నాడు. మళ్ళీ నవ్వారు. గెర్షోన్ ఒక్కడే నవ్వలేదు. నూనె డబ్బా వంక చూశాడు, తర్వాత వాయిల్ వేళ్ళ వంక చూశాడు.

"నువ్వు వచ్చింది వసంతంలోనే కదూ, అబ్బాయ్?"

"అవును, గెర్షోన్."

"చేతులు ఎలా కడుక్కుంటున్నావ్?"

బల్ల దగ్గర నవ్వు ఎలా పుట్టిందో అలాగే ఆగింది. తిర్జా నమిలే ముద్ద గొంతులోకి దిగింది. అప్పటికింకా రుచిగానే దిగింది.

*

ఆ ల్యాబు పని ఒక్క మాటలో చెప్పవచ్చు. చేయడానికి మాత్రం జన్మ చాలదు. శుభ్రమైన పాదరసాన్ని వెడల్పాటి పళ్ళెంలో పోయాలి. కొవ్వు ఆమ్లపు అణువులను క్లోరోఫాంలో కరిగించి, సన్నని సూదితో ఆ అద్దం మీద చుక్క చుక్కగా వదలాలి. క్లోరోఫాం ఆవిరై పోతుంది, అణువులు మిగులుతాయి. ఆ అణువుకు ఒక తల, ఒక పొడవాటి తోక. నీటి మీదైతే తల ముంచి తోక ఎత్తి నిలబడుతుంది. అంతకు మించి దానికి తెలియదు. పాదరసం మీద దాని తీరు వేరు. చోటు ఉన్నంతసేపూ ఒళ్ళంతా ఆనించి పడుకుంటుంది. ఇంకా వస్తుంటే, ఇంకా ఇరుకైతే, పెళ్ళింట్లో చాప మీద పడుకున్నవాళ్ళు తెల్లవారి బండెడు చుట్టాలు దిగగానే లేచినట్టు, ఒకదాన్ని చూసి ఒకటి లేచి నిలబడుతుంది. ఎప్పుడు పడుకుంటాయి, ఎప్పుడు లేస్తాయి, పడుకుంటే ఏ వరుసలో, లేస్తే ఎటు వాలి. ఇంతే. ఈ ఇంత కోసం గెర్షోన్ తల నెరిసింది.

పాదరసానికి ఒక గుణం ఉంది, మనిషిలో ఉంటే మంచితనం అనేది: ఎవరొచ్చినా కాదనదు. వేలి జిడ్డు, జుట్టు నూనె, తుమ్మిన తుంపర, ఏది తగిలినా కన్ను మూసి తెరిచేలోగా ఒళ్ళంతా పరుచుకోనిస్తుంది. కంటికి అద్దం అద్దంలాగే ఉంటుంది. గీతకు మాత్రం గూని వస్తుంది. అందుకే ఆ గదిలోకి అడుగుపెట్టే ముందు గౌను, టోపీ, తొడుగులు. అందుకే పాదరసాన్ని ఆమ్లంలోంచి జార్చి, కాగితం పొట్లం కట్టి, పొట్లం కొసకు గుండుసూదితో బెజ్జం పెట్టి, ఆ బెజ్జంలోంచి కారనిచ్చి వడకట్టడం. మురికి కాగితానికి అంటుకుంటుంది. మెరుపు కిందికి దిగుతుంది. ఆ పనిలో తిర్జాను మించినవాళ్ళు లేరని గెర్షోన్ బయటివాళ్ళకు చెప్పుకునేవాడు.

ఆ ఫలహారం ముగిశాక గెర్షోన్ వాయిల్‌ను వరండాలోకి పిలిచాడు. తలుపు తీసే ఉంది. మాటలు లోపలికి వినిపించాయి.

"కొన్నాళ్ళు కంప్యూటరు దగ్గర కూర్చో. పోయినసారి ఫ్రాన్సులో తీసిన కొలతలన్నీ అలాగే పడి ఉన్నాయి, గూని పుణ్యమా అని వాటిని ఎవరూ ముట్టుకోలేదు. వాటి సంగతి చూడు."

"మరి చలికాలపు ప్రయాణం?"

"తిర్జా, అవ్‌షాలోమ్ వస్తారు నాతో."

తిర్జా బల్ల మీది పళ్ళేలు ఒకదానిమీద ఒకటి పేర్చింది. ఫ్రాన్సులో ఎక్స్-కిరణాలు పుట్టించే ఆ పెద్ద వలయం దగ్గర చోటు దొరకడమంటే మాటలు కాదు. వాయిల్ పరిశోధన అంతా అతను స్వయంగా తయారుచేసిన ఒక అణువు మీద. దాన్ని ఆ కిరణాల కింద పెట్టి చూడకపోతే అతని దగ్గర ప్రశ్న ఉంటుంది, జవాబు ఉండదు. ఈసారి తప్పితే మరో ఏడు.

"సరే, గెర్షోన్," అన్న మాట వినిపించింది.

నవ్వులాటకు అన్నానని వెళ్ళి చెప్పవచ్చు. లేచింది కూడా. కానీ గూని నిజంగా ఆదివారమే లేస్తోంది. అతను నిజంగా ఆదివారమే వస్తాడు. నూనె నిజంగా నూనే. నవ్వులాటకన్నది నిజం కాకూడదని ఎక్కడుంది? అలా అనుకుని పళ్ళేలు తొట్టిలో వేసి నీళ్ళు వదిలింది.

*

వాయిల్ కంప్యూటరు గదికి మారాక కూడా గూని పోలేదు. "ఆ గదికీ ఈ గదికీ వెళ్ళే వరండా తలుపు పిడి ఒకటే కదా," అన్నాడు గెర్షోన్. ఆ మాట వాయిల్ చెవిన పడింది కాబోలు, పిడిని జేబురుమాలుతో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. గురువారం ఫలహారానికి నూనె డబ్బా రావడం మానేసింది. ఎవరూ అడగలేదు. కొట్లో కొన్న వెన్న వచ్చింది దాని చోట్లోకి.

తొలి వానలు పడే రోజుల్లో ఒక మధ్యాహ్నం, తిర్జా ఆ గది ముందునుంచి వెళ్తుంటే అతను పిలిచాడు.

"యా తిర్జా, ఒక్క నిమిషం. నవ్వనంటే ఒకటి చూపిస్తాను."

"నవ్వను."

"ప్రమాణం?"

"చూపించు, నాయనా. బస్సు వేళైంది."

తెర మీద బూడిదరంగు మచ్చల నడుమ ఒక సన్నని మెరుపు గీత. వాయిల్ దాన్ని వేలితో తాకబోయి, అలవాటు కొద్దీ వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది పాదరసం మీద మన ఆమ్లం వేయకముందు తీసిన కొలత. గూని ఉన్న రోజుది. ఖాళీ పాదరసం అనుకున్నాం కదా, ఖాళీ కాదు. ఏవో అణువులు పడుకుని ఉన్నాయి. ఊరికే పడి ఉండటం కాదు, వరుసలు కట్టి ఉన్నాయి. ఆ గీత వరుసకూ వరుసకూ మధ్య ఎడం. అగ్గిపెట్టెలో పుల్లల్లా, చూడు, ఎంత పొందికగా ఉన్నాయో."

తిర్జా వంగి చూసింది. నిజమే. ఏ మచ్చా లేని పొందిక.

"అయితే?"

"అయితే ఆలివ్ నూనె అణువుకు నడుం దగ్గర వంకర ఉంటుంది. వంకర పుల్లలు పెట్టెలో ఇలా సర్దుకోవు. చిందరవందరగా ఉంటాయి. ఇవి తిన్నని పుల్లలు, తిర్జా. మైనం లాంటివేవో." అతను గొంతు తగ్గించాడు. "ఇది మా నూనె కాదనుకుంటా."

ఆ చివరి మాటను అతను ఎంత చిన్నగా అన్నాడంటే, చెప్పినట్టు కాదు, అనుమతి అడిగినట్టుంది.

"గెర్షోన్‌కు చూపించావా?"

"నువ్వు చూపించు. నేను చూపిస్తే ముద్దాయే తన వకాల్తా తను పుచ్చుకున్నట్టుంటుంది. నువ్వు చెబితే అది ఫిజిక్సు."

"చెబుతాలే," అంది తిర్జా.

మెట్లు దిగుతుంటే మైనం అన్న మాట ఆమెతో పాటు మెట్టు మెట్టూ దిగింది. కింద గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. బస్సు వచ్చింది, వెళ్ళింది. ఆమె వెనక్కి తిరిగి పాదరసం గదికి వెళ్ళింది.

ఆ వసంతంలో, యూదుల పెసహ్ పండుగకు ముందు, ఇల్లంతా దులిపి పులిసిన పిండి రేణువు కూడా మిగలకుండా చేసే వారంలో, అమ్మమ్మ ఫ్రీదా వెండి దీపస్తంభాలు ముందేసుకుని కూర్చుంది. శనివారపు విశ్రాంతికి స్వాగతంగా ప్రతి శుక్రవారం సాయంత్రం వెలిగించే కొవ్వొత్తుల మైనం గుంటల్లో పేరుకుపోయి, కొత్త కొవ్వొత్తి నిలబడటం లేదు. కత్తి కొస వెడల్పు, సూది మరీ మెత్తన. అప్పుడు తిర్జాకు ల్యాబులోని సన్నని ఉక్కు పట్టకారు గుర్తొచ్చింది. పాదరసం పైపొర బిగువును కొలవడానికి అందులో ముంచే ప్లాటినం రేకును పట్టుకునేది. గురువారం సంచీలో వేసుకుంది, శుక్రవారం మైనం గీకింది, మరిగే నీళ్ళలో సబ్బుతో తోమింది, ఆదివారం తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టింది. పని ఎంత నాజూకుగా కుదిరిందంటే, ఆ తర్వాత ఏ శుక్రవారమూ అమ్మమ్మ మరో పనిముట్టు అడగలేదు.

ఇప్పుడు ఆ పట్టకారును భూతద్దం కింద పెట్టింది. దాని రెండు కాళ్ళూ కలిసే మూల సందులో, గోరుకు అందని చోట, తెల్లగా, పాలమీగడలా.

ఎలా జరిగిందో అర్థం కావడానికి ఆలోచించనవసరం లేకపోయింది. అదే ఎక్కువ బాధించింది. రేకును పట్టే ముందు పట్టకారును క్లోరోఫాంతో కడగాలి. ఆ నియమం పెట్టింది ఆమే. కడిగిన ప్రతిసారీ మూలలోని మైనం కాస్త కరిగి, కొస దాకా జారి, కొసనుంచి రేకుకు, రేకునుంచి పాదరసానికి. శుభ్రం చేసిన కొద్దీ మురికి. ఆదివారం ఎక్కువ, సోమవారం తక్కువ, గురువారానికి ఉందా లేదా. శుక్రవారం మళ్ళీ దీపస్తంభం. పోయినసారి ఫ్రాన్సుకు వెళ్ళిన సామానులోనూ ఉన్నది ఈ పట్టకారే.

ఇల్లు శుభ్రం చేయబోయి ఇక్కడ మైనం పూసింది. ఇక్కడ మైనం పూసి ఆ మరక మరొకరి తల్లి చేతికి అంటించింది.

*

మర్నాడు గెర్షోన్ గది ముందు దాకా వెళ్ళింది. అతను ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆగవచ్చు, ఆగలేదు. ముందు నిర్ధారించుకోవాలి కదా అనుకుంది. పిరికితనానికి శాస్త్రీయమైన చొక్కా తొడగడం ఎంత సులువో ఆమెకు అప్పుడే తెలిసింది. పాత పట్టకారును బీరువా అడుగు సొరుగులో పడేసి, పొట్లం విప్పని కొత్తదాన్ని తీసింది. పళ్ళెం, రేకు, గొట్టాలు అన్నీ మళ్ళీ కడిగింది. పాదరసాన్ని మళ్ళీ వడకట్టింది.

ఆదివారం గీత నున్నగా వచ్చింది. గూని ఆనవాలు కూడా లేదు.

అవ్‌షాలోమ్ ఆ కాగితాన్ని తలుపుకు అంటించాడు. "రోగికి నడుం నిటారైంది," అని కింద రాశాడు. గెర్షోన్ వచ్చి చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ ముసలి మొహంలో అంత వెలుగు ఆమె ఏనాడూ చూడలేదు.

"అమ్మాయ్, నీ చేతులు బంగారం."

"గెర్షోన్, అది..."

"నాకు తెలుసు, నీకూ బాధగానే ఉంటుంది. స్నేహితుడు. నాకు మాత్రం ఇష్టమా? అబ్బాయి మంచివాడు, తెలివైనవాడు. కానీ కొందరి చేతులు అంతే. పుట్టిన చోటు అలాంటిది, ఏం చేస్తాం. అతన్ని దూరంగా పెట్టాం, పాదరసం బాగుపడింది. గీత అబద్ధం చెప్పదు."

తిర్జా నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి, "ఊఁ," అన్న శబ్దం వచ్చింది. అది అవునో కాదో ఆమెకే తెలియదు. గెర్షోన్ అవుననే అనుకుని వెళ్ళిపోయాడు.

ఒక్క మాట ఆమె నోట నవ్వులాటగా బయలుదేరింది. గెర్షోన్ నోట అది ఒక మనిషిని దాటి, ఒక ఊరిని దాటి, ఒక జాతి చేతుల దాకా వెళ్ళింది. ఇప్పుడు దానికి సాక్ష్యంగా తలుపు మీద ఒక నున్నని గీత. ఆ సాక్ష్యాన్ని తయారుచేసింది ఆమే. తప్పును దాచడానికి దిద్దిన దిద్దుబాటు నేరాన్ని అతని మీద రుజువు చేసింది.

మధ్యాహ్నం వరండాలోని కుళాయి దగ్గర వాయిల్ కనిపించాడు. చేతులు కడుక్కుంటున్నాడు. ల్యాబులో గచ్చు కడిగే ఘాటైన సబ్బుతో. వేళ్ళ కణుపులు ఎర్రగా పగిలి ఉన్నాయి. అతను ఆ తలుపు దాటి వచ్చాడంటే గీతను చూసే ఉంటాడు.

"బాగా వచ్చింది," అన్నాడు, కుళాయి కట్టకుండానే.

"వాయిల్..."

"గెర్షోన్‌కు చెప్పావా, ఆ వరుసల సంగతి?"

"ఇంకా లేదు."

"ఇక చెప్పకులే. అదే చెబుదామని చూస్తున్నాను." అతను నీళ్ళ వంకే చూస్తున్నాడు. "నా లెక్కలో ఎక్కడో తప్పుంది. నన్ను తీసేశారు, గూని పోయింది. అంతకన్నా ఏం కావాలి? వంకర అణువు కూడా పాదరసం మీద అలా సర్దుకుంటుందేమో. మనకేం తెలుసు. ఆ గీతను చూసి ఊరికే ఎగిరిపడ్డాను. నా నూనె కాకూడదనుకున్నాను కాబట్టి కాదని చూశాను. అది సైన్సు కాదు."

అతను చూసింది సరైనది. ఆ ల్యాబులో ఆ ఏడాది ఎవరూ చూడనంత సరిగ్గా చూశాడు. దాన్ని ఇప్పుడు నీళ్ళ కింద పెట్టి, మురికిలాగే, కడిగేసుకుంటున్నాడు. తిర్జాకు తెలుసు. తెలిసి, కుళాయి గట్టు పట్టుకుని నిలబడింది.

"చేతులు పగిలాయి," అంది చివరికి.

"చలికి," అన్నాడు వాయిల్.

ఆ శుక్రవారం ఇంట్లో అమ్మమ్మ దీపస్తంభాలు ముందుకు జరిపి చేయి చాచింది. "ఏదే ఆ సన్నటిది?"

"తేలేదు, అమ్మమ్మా. ఇక తేను."

"పోయిందా?"

"లేదు. అది ల్యాబుది."

"మొన్నటిదాకా ఎవరిదటా?" ఫ్రీదా కత్తి కొసతో గుంటను పొడుస్తూ మనవరాలి మొహం కేసి చూసింది. "ఎవరితోనైనా పోట్లాడావా?"

"లేదు."

"అదే అనుకున్నా. పోట్లాడినదానివైతే నోరు ఊరుకోదు నీకు. ఎవరికో ఏదో చేసొచ్చావు."

తిర్జా కొవ్వొత్తులు తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టింది. పొద్దుగుంకే ముందు అమ్మమ్మ కళ్ళు మూసుకుని దీపాలకు చేతులడ్డుపెట్టి మంత్రం చదువుతుంటే, ఆమెకు కుళాయి కింద ఎర్రని కణుపులు కనిపించాయి. ఆ ఇంట్లో శనివారం ఫోను ముట్టుకోరు, కలం ముట్టుకోరు. చేయడానికి ఏమీ లేని ఆ దినమంతా ఆమె తన ఊఁ అన్న శబ్దాన్నే వింటూ కూర్చుంది.

*

ఆదివారం పొద్దున్నే అందరినీ పాదరసం గదికి రమ్మంది. వాయిల్‌ను కూడా. అతను గుమ్మం దగ్గరే ఆగాడు.

"లోపలికి రా. గౌను వేసుకో," అంది తిర్జా.

వాయిల్ గెర్షోన్ వైపు చూశాడు.

"ప్రయాణం దగ్గరపడింది. ఏమిటిది?" అన్నాడు గెర్షోన్.

"ఒక కొలత. చూడాలి మీరు."

అవ్‌షాలోమ్ స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "టిక్కెట్టు ఉందా ఈ ఆటకు?" అన్నాడు.

ముందు ఖాళీ పాదరసం కొలిచింది. తెర మీద గీత నున్నగా సాగింది. తర్వాత అడుగు సొరుగు లాగి పాత పట్టకారు తీసింది. గెర్షోన్ చూస్తుండగా, నియమం ప్రకారం, క్లోరోఫాంతో కడిగింది. ఆరనిచ్చింది. దానితో రేకును పట్టుకుని పాదరసంలోకి దించింది.

"ఏం చేస్తున్నావ్? ఇప్పుడే కదా వడకట్టావు," అన్నాడు గెర్షోన్.

గీత మొదట్లో కదిలింది. ఉబ్బింది. గూని కట్టింది. అద్దం అద్దంలాగే ఉంది. పైకప్పు దీపాలు అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

చెప్పవలసిన మాటలు శనివారం రాత్రంతా పేర్చుకుంది. ఒక్కటీ వరసలో రాలేదు.

"ఇది కొవ్వొత్తి మైనం. మా ఇంటిది. శుక్రవారం శుక్రవారం నేనే తీసుకెళ్ళాను దీన్ని. ఈ మూలలో ఉంది, భూతద్దంలో కనిపిస్తుంది. వాయిల్ కొలతల్లో కనిపెట్టాడు, తిన్నని అణువులని, మైనమని. నూనె కాదని. నాకు చూపించాడు, మీకు చెప్పమన్నాడు. చెప్పలేదు. పట్టకారు మార్చేసి ఊరుకున్నాను. అతన్ని దూరంగా పెట్టడం వల్ల బాగుపడిందని మీరన్నప్పుడు... ఊరుకున్నాను."

గెర్షోన్ పట్టకారును ఆమె చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు నుదుటికెత్తి, మూలను కంటి దగ్గరగా పెట్టుకున్నాడు. అక్కడ చూడవలసింది చూశాక కూడా చాలాసేపు అలాగే ఉన్నాడు. దించితే ఎవరి మొహం చూడాలో అతనికీ తెలియలేదు. ఎట్టకేలకు దించి, ఎవరినీ చూడకుండా, "ప్రయాణానికి వాయిల్ వస్తాడు," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అబ్బాయ్, నేనొక మాటన్నాను, నువ్వు లేనప్పుడు."

"విన్నాను, గెర్షోన్," అన్నాడు వాయిల్.

గెర్షోన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. తల ఊపాడో, తల వంచాడో, వెళ్ళిపోయాడు. అవ్‌షాలోమ్ స్టూలు దిగి, దాన్ని చప్పుడు కాకుండా గోడకు జరిపి, తనూ వెళ్ళాడు. దేనికీ ఏ పేరూ పెట్టలేదు.

ఇద్దరూ మిగిలారు. చెడిన పాదరసం మిగిలింది. వాయిల్ తొడుగులు వేసుకుని, కాగితం తీసి పొట్లం కట్టాడు. కొసకు సూదితో బెజ్జం పెట్టాడు. తిర్జా సీసా వంచితే సన్నని దార దిగసాగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు కొంతసేపటికి.

"నువ్వు తెర మీద చూపించిన సాయంత్రమే."

"అయితే కుళాయి దగ్గర..."

"తెలుసు."

దార ఆగకుండా దిగుతోంది. అతను పొట్లాన్ని కాస్త ఎత్తి పట్టుకున్నాడు.

"క్షమించమని అడగడానికి కూడా నాకు..." అంది తిర్జా.

"ఆ గురువారం నేనూ నవ్వాను," అన్నాడు వాయిల్. "నువ్వన్నది జోకే. మా అమ్మ ఎవరినీ ఖాళీ కడుపుతో పంపదని నేనే అందించాను. మీరంతా మళ్ళీ నవ్వారు. నాకు బాగుంది అప్పుడు. నాకు అదీ మింగుడు పడటం లేదు, నీది ఒక్కటే కాదు." అతను దార వంక చూశాడు. "ఇంటికెళ్ళి డబ్బా ఇక పంపొద్దన్నాను. ఎందుకంది. ఎవరూ తినడం లేదన్నాను. అది విని మా అమ్మ ఏం చేసిందో తెలుసా? ఈ ఏటి కాపు చెడిపోయిందేమోనని ఇంటింటికీ గిన్నె పట్టుకెళ్ళి రుచి చూడమంది. మా రామేలో, తిర్జా. కొండంతా ఆలివ్ చెట్లున్న ఊళ్ళో. మా నూనె బాగుందా అని అడుక్కుంది."

తిర్జా సీసాను ఎక్కువగా వంచేసింది, దార పక్కకు చెదిరింది. వెండి బొట్లు పళ్ళెం అంచున దొర్లాయి. అతను వాటిని పక్కకు చేర్చాడు.

"నేను చెబుతాను ఆమెకు," అంది. "ఫోను చేస్తాను. నాకు వచ్చినంత అరబ్బీలో చెబుతాను. లేదా వస్తాను."

"వద్దు."

"ఆమెకు తెలియాలి కదా, నూనె మంచిదేనని."

"అది నేను చెప్పుకుంటాను. నువ్వు రావద్దు." అతని గొంతులో కోపం లేదు, ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. "నువ్వొస్తే మా అమ్మకు కోపం రాదు. అంతా విని, నువ్వు నిజం ఒప్పుకున్నావని నీ తల నిమిరి, కూర్చోబెట్టి భోజనం పెడుతుంది. తినమని కొసరి కొసరి వడ్డిస్తుంది. నువ్వు తింటావు, తినక తప్పదు. అది నేను పక్కన కూర్చుని చూడాలి. నా వల్ల కాదు."

పొట్లం అడుగుకు వచ్చింది. చివరి కాస్త పాదరసాన్ని బెజ్జం పైనే ఆపి, మురికితో పాటు కాగితాన్ని మూతి బిగించి చుట్టాడు. మళ్ళీ ఒకసారి వడకట్టాలి.

"కాగితాలు ఎక్కడున్నాయి?" అని అడిగాడు.

"పై అరలో. ఎడమవైపు."

అతను వెళ్ళి తెచ్చుకున్నాడు. మరో పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. తిర్జా సీసా పట్టుకుని, అతను ఎప్పుడు తలూపితే అప్పుడు వంచడానికి, అక్కడే నిలబడి ఉంది.